ఇంగ్లీషు సందేహాలు: ‘అబౌట్’ ఎందుకు వద్దు, ‘సిన్స్’ ఎప్పుడు కాదు

ఈ నెల పాఠకులు పంపిన ప్రశ్నలలో ఎక్కువ భాగం ప్రిపొజిషన్లకు సంబంధించినవే కావడంతో, మిగిలినవాటిని వచ్చే సంచికకు ఉంచి వీటికే జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ఎంచుకున్నాము. ఉదాహరణగా ఇచ్చిన ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను. మొన్న ఒక మీటింగులో ‘లెట్ అస్ డిస్కస్ అబౌట్ ద బడ్జెట్’ అన్నాను. ‘అబౌట్’ అక్కరలేదని మా మేనేజరు అందరి ముందూ సరిదిద్దారు. ‘టాక్ అబౌట్’ తప్పు కానప్పుడు ‘డిస్కస్ అబౌట్’ ఎలా తప్పవుతుందండీ? (మాదాపూర్ పాఠకుడు)

జవాబు: ఆయన చెప్పినది సరైనదే, అందరి ముందూ చెప్పవలసిన పని ఉన్నదా అన్నది వేరే సంగతి. ‘డిస్కస్’ సకర్మక క్రియ. దేన్ని చర్చిస్తున్నామో ఆ మాట మధ్యలో మరే మాటా లేకుండా దాని పక్కనే రావాలి: ‘లెట్ అస్ డిస్కస్ ద బడ్జెట్’. ‘టాక్’ అకర్మక క్రియ కాబట్టి విషయాన్ని అందుకోవడానికి దానికి ‘అబౌట్’ సాయం కావాలి. అదే ‘డిస్కషన్’ అనే నామవాచకాన్ని వాడితే ‘అబౌట్’ మళ్ళీ అవసరమవుతుంది: ‘వుయ్ హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్’. క్రియకు అక్కరలేనిది నామవాచకానికి కావలసి రావడం వల్లనే చాలామంది ఇక్కడ తడబడతారు. ‘రిక్వెస్ట్’, ‘ఆర్డర్’, ‘డిమాండ్’ వంటివి కూడా ఈ కోవలోవే.

తెలుగువారిని ఈ తప్పు వైపు లాగే కారణం మరొకటి ఉంది. బడిలో విభక్తులు వల్లె వేసినవారికి ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి: ద్వితీయా విభక్తి’ అన్న పాఠం గుర్తుండే ఉంటుంది. ‘బడ్జెట్ గురించి చర్చించాము’ అన్నప్పుడు ఆ ‘గురించి’ మన వ్యాకరణం ప్రకారం కర్మను చూపే ద్వితీయా ప్రత్యయమే. ఇంగ్లీషులో కర్మకు ప్రత్యయం ఉండదు, క్రియ తరువాత అది కూర్చునే చోటే దానికి గుర్తు. మనం మాత్రం ‘గురించి’ని ‘అబౌట్’గా మార్చి వెంట తీసుకుపోతున్నాము. అయితే నేరమంతా తెలుగు మీదనే వేయడం న్యాయం కాదు. సింగపూర్‌లోను, ఆఫ్రికాలోని పలు దేశాలలోను కూడా ‘డిస్కస్ అబౌట్’ బాగా వినబడుతుంది కాబట్టి, ‘టాక్ అబౌట్’, ‘డిస్కషన్ అబౌట్’ అన్న ఇరుగుపొరుగు ప్రయోగాల ప్రభావం కూడా ఇందులో ఉన్నదనే అనుకోవాలి.

ఏ క్రియకు ఏ ప్రిపొజిషన్ వస్తుందో తర్కంతో తేల్చవచ్చునని చాలామంది పాఠకులు ఆశ పెట్టుకుంటారు. ఆ ఆశ వదులుకోవడం మంచిది, ఎందుకంటే తెలుగులో కూడా అలా తేలదు. అమ్మను అడుగుతాము, అమ్మకు చెబుతాము, అమ్మతో అంటాము. మూడూ నోటితో చేసే పనులే అయినా మూడింటికీ మూడు విభక్తులు ఎందుకు వచ్చాయని ఎవరూ మనకు వివరించలేదు. ఆ క్రియలతో పాటే ఆ విభక్తులను కూడా నేర్చుకున్నాము. ఇంగ్లీషులో ‘ఆస్క్ హర్’, ‘టెల్ హర్’, ‘సే టు హర్’ కూడా అంతే. కాబట్టి కొత్త క్రియను నోట్‌బుక్కులో రాసుకునేటప్పుడు దాని అర్థం ఒక్కటే రాసుకోకుండా, అది వచ్చిన చిన్న వాక్యాన్ని మొత్తంగా రాసుకోండి.

మీకు తరచుగా అవసరమయ్యే మరికొన్ని: ‘ఎంఫసైజ్’ తరువాత ‘ఆన్’ రాదు. ‘రీచ్’ తరువాత ‘టు’ రాదు. ‘రిజెంబుల్’ తరువాత ‘విత్’ గాని ‘టు’ గాని రాదు. ‘కోప్ విత్’ అనాలే తప్ప ‘కోప్ అప్ విత్’ అనకూడదు. గదిలోకి వెళ్ళడమైతే ‘ఎంటర్ ద రూమ్’ చాలు, ఒప్పందంలోకి దిగడమైతే మాత్రం ‘ఎంటర్ ఇంటు యాన్ అగ్రిమెంట్’ అనే అనాలి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఉండవలసిన ప్రిపొజిషన్‌ను మింగేసి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’, ‘రిప్లై మి’, ‘లిజన్ మి’ అంటారు. వీటన్నిటిలో ‘మి’కి ముందు ‘టు’ ఉండి తీరాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్వ్యూకు సిద్ధమవుతూ ‘ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ యియర్స్’ అని రాసుకుంది. తప్పని నాకు అనిపిస్తున్నది గాని, ఎందుకో చెప్పలేకపోతున్నాను. (దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు)

జవాబు: మీ అనుమానం నిజమే, ఆ వాక్యంలో తప్పులు రెండున్నాయి.

మొదటిది ‘సిన్స్’. ‘ఐదేళ్ళ నుంచి ఉంటున్నాను’, ‘2019 నుంచి ఉంటున్నాను’ అని రెండుచోట్లా మనం ‘నుంచి’నే వాడుతాము. ఇంగ్లీషులో ఎంత కాలమో చెప్పేటప్పుడు ‘ఫర్’, ఎప్పుడు మొదలయిందో చెప్పేటప్పుడు ‘సిన్స్’ వస్తుంది. ఈ తేడా తెలుగులో లేదని అనుకోనక్కరలేదు. ‘నుంచి’ని తీసి దాని స్థానంలో ‘గా’ పెట్టి చూడమని మీ అమ్మాయికి చెప్పండి. ‘ఐదేళ్ళుగా ఉంటున్నాను’ అనవచ్చు, ‘2019గా ఉంటున్నాను’ అనలేము. ‘చాలా కాలంగా’ అనవచ్చు, ‘సోమవారంగా’ అనలేము. ‘గా’ కుదిరినచోట ‘ఫర్’, కుదరనిచోట ‘సిన్స్’. ‘చిన్నప్పటి నుంచి’ అన్నదానికి ‘గా’ కుదరదు కాబట్టి ‘సిన్స్ చైల్డ్‌హుడ్’ సరైనదే. ‘సిన్స్ లాంగ్’ అని చాలామంది అంటుంటారు గాని, ‘చాలా కాలంగా’ అని చెప్పగలుగుతున్నాము కాబట్టి అది ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’ కావాలి.

రెండవది క్రియ. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగులో ‘ఉంటున్నాను’ అన్న వర్తమానమే సరిపోతుంది. ఇంగ్లీషు అందుకు ఒప్పుకోదు. ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ యియర్స్’ అనాలి. అలాగే తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అన్న పేరుతో మొదలయింది. అది నేటికీ ఇక్కడే ఉన్నది కాబట్టి ‘ఇట్ హ్యాజ్ బీన్ ఇన్ హైదరాబాద్ సిన్స్ 1958’ అని చెప్పాలి.

‘ఫర్’ వచ్చినంత మాత్రాన ‘హ్యావ్ బీన్’ కూడా రావాలన్న నియమం లేదు. ‘ఐ లివ్డ్ ఇన్ వరంగల్ ఫర్ ఫైవ్ యియర్స్’ కూడా తప్పులేని వాక్యమే. కాకపోతే, ఇప్పుడు అక్కడ ఉండటం లేదని అది చెప్పకనే చెబుతుంది. ఇంటర్వ్యూలో ‘ఐ వర్క్డ్ దేర్ ఫర్ టూ యియర్స్’ అంటే ఆ ఉద్యోగం మానేశారని ఎదుటివారు అర్థం చేసుకుంటారు. ఇంకా అక్కడే పని చేస్తున్నవారు ఈ వాక్యంతో చిక్కులో పడతారు. నన్ను అడిగితే, ‘సిన్స్’, ‘ఫర్’ల తేడా కంటే ఈ క్రియల తేడా మీదనే మీ అమ్మాయి ఎక్కువ శ్రద్ధ పెట్టడం మేలు. ‘సిన్స్ ఫైవ్ యియర్స్’ అన్నా విన్నవారు సర్దుకుని అర్థం చేసుకుంటారు, క్రియ తప్పితే మాత్రం అర్థమే మారిపోతుంది.

ప్రశ్న: బస్సులో ఉన్నానని చెప్పడానికి ‘ఇన్ ద బస్’ అనాలా, ‘ఆన్ ద బస్’ అనాలా? ‘ఆన్’ అంటే బస్సు పైకప్పు మీద కూర్చున్నట్టు కాదా? (ఉప్పల్ పాఠకుడు)

జవాబు: కాదు. బస్సు, రైలు, మెట్రో, విమానం, ఓడ వంటి వాహనాలలో ప్రయాణిస్తున్నప్పుడు ‘ఆన్’, కారు, ఆటో, ట్యాక్సీలలో ‘ఇన్’ వాడటం ఇంగ్లీషు అలవాటు. లోపల లేచి నిలబడి నాలుగడుగులు నడవగలిగితే ‘ఆన్’, తల వంచి ఎక్కి కూర్చోవడమే తప్ప కదలడానికి చోటు లేకపోతే ‘ఇన్’ అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. సాయంత్రం ఆరు గంటలకు అమీర్‌పేటలో మెట్రో ఎక్కినవారు అక్కడా కదలడానికి చోటు లేదని అభ్యంతరం చెప్పవచ్చు గాని, వ్యాకరణం రద్దీని లెక్కలోకి తీసుకోదు. సైకిలు, మోటారు సైకిలు మీద నిజంగానే ఎక్కి కూర్చుంటాము కాబట్టి వాటికి కూడా ‘ఆన్’. ‘ఇన్ ద బస్’ అనడం పెద్ద దోషమేమీ కాదు. బస్సును ప్రయాణ సాధనంగా కాక ఒక చోటుగా తలచి, దాని లోపల ఉక్కగా ఉందని చెప్పేటప్పుడు ఇంగ్లీషువారు కూడా అలాగే అంటారు.

ఎలా వెళ్ళారో చెప్పేటప్పుడు ‘బై బస్’, ‘బై ట్రైన్’. ఈ ‘బై’కి, వాహనం పేరుకు మధ్య ‘ఎ’, ‘ద’, ‘మై’ వంటివి ఏవీ రాకూడదు. ‘బై మై కార్’ అన్నది తప్పు, ‘ఇన్ మై కార్’ అనాలి. నడిచి వెళితే ‘ఆన్ ఫుట్’.

దిగడం విషయంలో మన ఊళ్ళో అందరూ ‘గెట్ డౌన్’ అంటారు. చెట్టు మీద నుంచో నిచ్చెన మీద నుంచో దిగేటప్పుడు అది సరిపోతుంది. బస్సూ రైలూ అయితే ‘గెట్ ఆఫ్’, కారూ ఆటో అయితే ‘గెట్ అవుట్ ఆఫ్’. ఈ రెండు ‘ఆఫ్’లూ తెలుగు లిపిలో ఒకలాగే కనిపిస్తున్నా మాటలు వేరు. మొదటిదాని స్పెల్లింగులో ‘ఎఫ్’ రెండుసార్లు వస్తుంది. రెండవదానిలో ఒక్కసారే వస్తుంది, దాన్ని పలికేటప్పుడు ‘వ్’ అని పలకాలి.

ప్రశ్న: ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. మా ఆఫీసులో అందరం వాడే ఈమెయిలు నమూనాను పంపుతున్నాను, దయచేసి తప్పులు చూపించగలరు: ‘యాజ్ పర్ అవర్ టెలిఫోనిక్ డిస్కషన్, ఐ యామ్ సెండింగ్ ద బిల్స్. ఐ రిక్వెస్ట్ ఫర్ యువర్ అప్రూవల్. ప్లీజ్ సెండ్ యువర్ కామెంట్స్ టిల్ మండే అండ్ రివర్ట్ బ్యాక్. ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు ఆన్ నెక్స్ట్ ట్యూస్‌డే. ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్.’ (బేగంపేట పాఠకురాలు)

జవాబు: హైదరాబాదులో ఏ ఆఫీసు తలుపు తట్టినా ఈ ఉత్తరమే కనిపిస్తుంది కాబట్టి దీన్ని వాక్యం వాక్యంగా చూద్దాము.

మొదటి వాక్యంలో తప్పు లేదు, బిగువు మాత్రం ఎక్కువైంది. ‘యాజ్ పర్’ ఒప్పంద పత్రాలలో, బిల్లులలో నప్పే మాట. పక్క విభాగంలోని మనిషికి రాసేటప్పుడు ‘యాజ్ వుయ్ డిస్కస్డ్ ఓవర్ ద ఫోన్’ అంటే చాలు.

‘ఐ రిక్వెస్ట్ ఫర్ యువర్ అప్రూవల్’ అన్నది మాదాపూర్ పాఠకుడి ‘డిస్కస్ అబౌట్’కు తోబుట్టువు. క్రియగా వాడినప్పుడు ‘ఫర్’ తీసివేయండి: ‘ఐ రిక్వెస్ట్ యువర్ అప్రూవల్’. నామవాచకమైతే ఉంచండి: ‘దిస్ ఈజ్ ఎ రిక్వెస్ట్ ఫర్ యువర్ అప్రూవల్’.

‘టిల్ మండే’ దగ్గర కాస్త ఆగాలి. ఒక పని ఫలానా సమయం దాకా సాగుతూ ఉంటే ‘టిల్’ లేదా ‘అంటిల్’, ఆ సమయం మించకుండా ఒకసారి జరిగిపోవాలంటే ‘బై’. ఫీజుల కౌంటరు ఐదింటి దాకా తెరిచి ఉంటుంది: ‘అంటిల్ ఫైవ్’. మీరు ఐదింటికల్లా ఫీజు కట్టాలి: ‘బై ఫైవ్’. అంటే తెలుగులో ‘వరకు’, ‘దాకా’ వచ్చేచోట ‘అంటిల్’. ‘లోగా’, ‘కల్లా’ వచ్చేచోట ‘బై’. మరి ఇంత స్పష్టమైన తేడా మన భాషలోనే ఉండగా ఈ తప్పు ఎందుకు వస్తున్నదని మీరు అడగవచ్చు. హిందీలోను, మన నగరపు ఉర్దూలోను ‘తక్’ అన్న ఒక్క మాట ఈ రెండు పనులూ చేస్తుంది. దాన్ని నిత్యం వినే హైదరాబాదులో తెలుగువారు కూడా ‘సోమవారం వరకు పంపిస్తాను’ అనేస్తుంటారు. మీ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుంటే, సోమవారం వచ్చేదాకా ఆయన వ్యాఖ్యలు పంపుతూనే ఉండాలి. మీ ఉద్దేశం అది కాదు కాబట్టి ‘బై మండే’ అని మార్చండి.

‘రివర్ట్’ అంటే పూర్వస్థితికి పోవడమని అసలు అర్థం. జవాబివ్వడం అన్న అర్థంలో అది ముఖ్యంగా మన దేశపు ఆఫీసులలోనే వాడుకలో ఉంది. ఇక్కడివారికి రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు గాని, విదేశాలలోని క్లయింటుకు రాసేటప్పుడు ‘రిప్లై’ అనడమే క్షేమం. ‘బ్యాక్’ మాత్రం ఎవరికి రాసినా దండగే, ఎందుకంటే వెనక్కి అన్న అర్థం ‘రివర్ట్’లోనే ఉంది. ‘రిటర్న్ బ్యాక్’ కూడా ఇటువంటిదే.

‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’లో ‘టు’ను చాలామంది ‘టు గో’, ‘టు ఈట్’లలోని ‘టు’ అనుకుంటారు. ఇది ఆ ‘టు’ కాదు, అచ్చమైన ప్రిపొజిషన్. ఎలా తెలుసుకోవాలంటే, దాని తరువాత ఒక నామవాచకం పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ విజిట్’ అనగలుగుతున్నాము కదా, కాబట్టి క్రియ వచ్చినా ‘మీటింగ్’ అనే రూపంలో రావాలి: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’. ‘ఐ యామ్ యూజ్డ్ టు’ కూడా ఇదే పద్ధతి: ‘ఐ యామ్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఇన్ ట్రాఫిక్’ అంటే ట్రాఫిక్‌లో బండి నడపడం నాకు అలవాటే అని. ‘ఐ యూజ్డ్ టు డ్రైవ్’ అంటే ఒకప్పుడు నడిపేవాణ్ణి అని. ‘యామ్’ ఒక్కటి జారిపోతే అర్థం ఇంత దూరం పోతుంది.

‘నెక్స్ట్’, ‘లాస్ట్’, ‘దిస్’ ఉన్న వారాలకు ‘ఆన్’ అక్కరలేదు, ‘నెక్స్ట్ ట్యూస్‌డే’ చాలు. పనిలో పనిగా, ‘టుడే మార్నింగ్’కు బదులు ‘దిస్ మార్నింగ్’, ‘యెస్టర్‌డే నైట్’కు బదులు ‘లాస్ట్ నైట్’ అలవాటు చేసుకోండి.

ఇక ‘డు ద నీడ్‌ఫుల్’. దీన్ని తప్పని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. ఇది మనం పుట్టించిన మాట కాదు. పాతకాలపు బ్రిటిష్ ఆఫీసుల ఇంగ్లీషు నుంచి మనకు వచ్చినదే. వారు వదిలేశారు, మనం ఉంచుకున్నాము. దానిలోని చిక్కు వ్యాకరణానిది కాదు, ఏం చేయాలో చెప్పకుండా ఏదో ఒకటి చేయమనడం. మీకు కావలసినది బిల్లుల మీద సంతకమైతే సంతకమనే అడగండి.

మొత్తం ఉత్తరం ఇలా ఉంటే బాగుంటుంది: ‘యాజ్ వుయ్ డిస్కస్డ్ ఓవర్ ద ఫోన్, ఐ యామ్ సెండింగ్ ద బిల్స్ ఫర్ యువర్ అప్రూవల్. ప్లీజ్ సెండ్ యువర్ కామెంట్స్ బై మండే. ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు నెక్స్ట్ ట్యూస్‌డే.’

ప్రశ్న: ‘సీనియర్ దేన్ మి’ అనవచ్చునా? (మలక్‌పేట పాఠకుడు)

జవాబు: అనకూడదు, ‘సీనియర్ టు మి’. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’, ‘ఇన్‌ఫీరియర్’ లాటిన్ నుంచి వచ్చిన మాటలు, వీటికి ‘టు’ వస్తుంది. ‘ప్రిఫర్’కు కూడా ‘టు’నే: ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’.

ప్రశ్న: వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించకూడదని మాకు మా మాస్టారు గట్టిగా చెప్పేవారు. ఇప్పుడు మా మనుమడి పాఠ్యపుస్తకంలో అటువంటి వాక్యాలు కోకొల్లలుగా ఉన్నాయి. నియమం మారిందా? (నల్లకుంట పాఠకుడు, విశ్రాంత ఉద్యోగి)

జవాబు: నియమం మారలేదండీ, అసలు అది ఇంగ్లీషు భాష పెట్టుకున్న నియమమే కాదు. దీని పుట్టుక కొంత విచిత్రంగా ఉంటుంది. 1672లో జాన్ డ్రైడన్ అనే కవి, తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాసిన ఒక వాక్యం ప్రిపొజిషన్‌తో ముగిసిందని తప్పు పట్టాడు. ఆ తరువాత తన పాత రచనలను పునర్ముద్రించేటప్పుడు వాటిలోని అటువంటి వాక్యాలను కూడా తిరగరాసుకున్నాడు. లాటిన్‌లో ప్రిపొజిషన్‌ను దాని నామవాచకం నుంచి విడదీయడం కుదరదు. ఆ కాలపు పండితులకు లాటిన్ వ్యాకరణమే ఒరవడి. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాధికారి, ఆ తరువాత లండన్ బిషప్ అయినవాడు, తన వ్యాకరణంలో ఈ సంగతిని ప్రస్తావించాడు. దీన్ని నిషేధించినవాడని ఆయన మీద అపవాదు ఉంది గాని, ఆయన అన్నది వేరు. మామూలు సంభాషణలోను, చనువుగా రాసే రాతలోను ఇది మన భాషకు సహజమేనని, గంభీరమైన రచనలో మాత్రం ప్రిపొజిషన్‌ను ముందుకు తెస్తే హుందాగా ఉంటుందని అన్నాడు. పైగా, ఈ భాషకు ఆ వైపు మొగ్గు ఎక్కువ అని చెప్పిన ఆయన వాక్యం కూడా ‘టు’తోనే ముగిసింది! ఆ తరువాత బడిపంతుళ్ళు ఆ సలహాను శాసనంగా మార్చేశారు. 1926 నాటికి, ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ వంటి ప్రామాణికుడు దీన్ని మూఢనమ్మకమని కొట్టివేసినా, మీ మాస్టారి తరం దాకా అది బతికే ఉంది.

మీ మాస్టారిని నేను తప్పు పట్టను. దరఖాస్తులలో, పరిశోధన వ్యాసాలలో ‘టు హూమ్’ అని మొదలుపెట్టడం ఈనాటికీ నిండుగానే ఉంటుంది. అయితే ఇంటి గుమ్మంలో నిలబడి ఫోను మాట్లాడుతున్న మనుమణ్ణి ‘టు హూమ్ ఆర్ యు టాకింగ్?’ అని అడిగితే వాడు నవ్వుతాడు. ‘హూ ఆర్ యు టాకింగ్ టు?’ అనే అడగండి.

ఈ నియమానికి భయపడి మనవారు చేసే అసలు తప్పు మరొకటి ఉంది. చివర ఉండవలసిన ప్రిపొజిషన్‌ను పూర్తిగా వదిలేస్తారు. ‘ఐ నీడ్ ఎ పెన్ టు రైట్’ అన్నది అసంపూర్ణం, ‘టు రైట్ విత్’ అనాలి. ‘వుయ్ ఆర్ లుకింగ్ ఫర్ ఎ హౌస్ టు లివ్’ కాదు, ‘టు లివ్ ఇన్’. తెలుగులో ‘రాయడానికి పెన్ను’, ‘ఉండటానికి ఇల్లు’ అన్నప్పుడు పెన్నుతో అన్న ‘తో’, ఇంట్లో అన్న ‘లో’ కనబడకుండా పోతాయి. ఇంగ్లీషులో అవి పోకూడదు. పెన్నుతో రాస్తాము, కాగితం మీద రాస్తాము కాబట్టి కాగితం అడిగితే ‘సమ్ పేపర్ టు రైట్ ఆన్’ అవుతుంది.

ప్రశ్న: ‘ఇన్ అమీర్‌పేట’, ‘ఎట్ అమీర్‌పేట’ రెండూ వింటున్నాను. ఏది సరి? (ఎర్రగడ్డ పాఠకురాలు)

జవాబు: రెండూ సరే. ఆ చోటును ఒక ప్రాంతంగా తలచుకుంటే ‘ఇన్’, దారిలోని ఒక బిందువుగా తలచుకుంటే ‘ఎట్’. మీ చెల్లెలు ‘లివ్స్ ఇన్ అమీర్‌పేట’. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్ళే మీరు ‘చేంజ్ ట్రైన్స్ ఎట్ అమీర్‌పేట’. పెద్ద నగరాలకు ‘ఇన్’, చిన్న ఊళ్ళకు ‘ఎట్’ అని పాత వ్యాకరణ పుస్తకాలలో ఉండే సూత్రాన్ని ఇప్పుడు పట్టించుకోనవసరం లేదు. అంతస్తులకు ఎప్పుడూ ‘ఆన్’: ‘ఆన్ ద థర్డ్ ఫ్లోర్’. ట్యాంక్ బండ్ కట్ట కాబట్టి దానికీ ‘ఆన్’.

ప్రశ్న: ‘షి ఈజ్ యాంగ్రీ ఆన్ మి’, ‘హి ఈజ్ మ్యారీడ్ విత్ మై కజిన్’, ‘ఐ యామ్ గుడ్ ఇన్ మ్యాథ్స్’: ఈ మూడూ తప్పేనని మా పిల్లల ట్యూషన్ మాస్టారు అంటున్నారు. నిజమేనా? (సైదాబాద్ పాఠకురాలు)

జవాబు: మొదటి రెండూ తప్పే. మన కోపం ఒకరి మీద ఉంటుంది, అందుకే ‘ఆన్’ వచ్చింది. ఇంగ్లీషులో మనిషి మీద కోపానికి ‘విత్’, జరిగిన విషయం మీద కోపానికి ‘అబౌట్’. మన పెళ్ళి ఒకరితో జరుగుతుంది, అందుకే ‘విత్’ వచ్చింది. ఇంగ్లీషులో ‘మ్యారీడ్ టు’. మూడవదాని విషయంలో మాస్టారు కాస్త కఠినంగా ఉన్నట్టున్నారు. నైపుణ్యానికి ‘గుడ్ ఎట్’ సహజమైన ప్రయోగం, పిల్లలకు అదే నేర్పాలి. అయితే బడిలోని పాఠ్యాంశాల విషయంలో ‘గుడ్ ఇన్’ అనేవారు ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో కూడా ఉన్నారు.

ప్రశ్న: ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళబోతున్నాను. ఐఈఎల్‌టీఎస్ కూడా రాయాలి. బ్రిటిష్ పద్ధతిలో నేర్చుకున్న ప్రిపొజిషన్లు అక్కడ తప్పవుతాయా? (కూకట్‌పల్లి పాఠకుడు)

జవాబు: తప్పు కావు, వేరుగా వినబడతాయి, అంతే. బ్రిటన్‌లో ‘ఎట్ ద వీకెండ్’, అమెరికాలో ‘ఆన్ ద వీకెండ్’. ఆసుపత్రిలో చేరిన మనిషి బ్రిటన్‌లో ‘ఇన్ హాస్పిటల్’, అమెరికాలో ‘ఇన్ ద హాస్పిటల్’. ‘మండే త్రూ ఫ్రైడే’ అంటే శుక్రవారం కూడా కలిపి అని అర్థం. ఇది అమెరికా మాట, గడువుల విషయంలో చాలా ఉపయోగపడుతుంది. ‘డిఫరెంట్’ తరువాత బ్రిటన్‌లో ‘టు’, అమెరికాలో ‘దేన్’ కూడా వినబడతాయి గాని, ‘డిఫరెంట్ ఫ్రమ్’ రెండు దేశాలలోనూ ఎవరూ వేలెత్తి చూపని రూపం కాబట్టి దాన్నే పట్టుకోండి.

ఐఈఎల్‌టీఎస్‌లో ఏ దేశపు పద్ధతి రాసినా అంగీకరిస్తారు, రాతంతా ఒకే పద్ధతిలో ఉండటం మంచిది. రచన పరీక్షలో చూసే నాలుగు అంశాలలో వ్యాకరణం ఒకటి మాత్రమే, నాలుగింటికీ సమానమైన విలువ ఉంటుంది. కోచింగు సెంటర్లు ఇచ్చే ప్రిపొజిషన్ల జాబితాలను బట్టీ పట్టడానికే రోజంతా వెచ్చిస్తే, అడిగినదానికి సూటిగా జవాబు రాయడం, ఆలోచనను వరుసలో పెట్టడం అన్న మిగిలిన పనులకు సమయం చాలదు.

ప్రశ్న: ఇద్దరి మధ్య అయితే ‘బిట్వీన్’, అంతకంటే ఎక్కువ మంది అయితే ‘అమాంగ్’ అని చదువుకున్నాను. వార్తలలో ‘వాటర్ డిస్ప్యూట్ బిట్వీన్ ద ఫోర్ స్టేట్స్’ అని వస్తున్నది. పత్రికలవారి పొరపాటా? (సికింద్రాబాద్ పాఠకుడు)

జవాబు: పొరపాటు కాదు. మీరు చదువుకున్న సూత్రం సగమే నిజం. పక్షాలు ఎన్ని ఉన్నా, ఒక్కొక్కదాన్ని విడివిడిగా గుర్తించి, ఒకదానికీ మరొకదానికీ నడుమ ఉన్న సంబంధాన్ని చెప్పేటప్పుడు ‘బిట్వీన్’ నిక్షేపంగా వాడవచ్చు. ఆ మాట తొలినాళ్ళ నుంచీ ఇద్దరికి మించిన సందర్భాలలో వాడుకలో ఉన్నదని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చెబుతుంది. కృష్ణా జలాల వివాదంలో మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎవరి వాదన వారు వినిపించే నాలుగు పక్షాలు కాబట్టి అక్కడ ‘బిట్వీన్’ సరైన మాట. విడివిడిగా లెక్కపెట్టని గుంపు అయితే ‘అమాంగ్’: ‘షి వాజ్ స్టాండింగ్ అమాంగ్ ద క్రౌడ్’.

‘బిట్వీన్’ విషయంలో నిజంగా దిద్దుకోవలసినవి రెండు. ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అన్నది మర్యాదగా వినిపించినా తప్పు. ప్రిపొజిషన్ తరువాత ‘మి’ రావాలి. రెండవది మన కోఠీ, ఆబిడ్స్ దుకాణాల బోర్డుల మీద కనిపించేది: ‘బిట్వీన్ టెన్ టు ఫైవ్’. ‘బిట్వీన్’కు జంట ‘అండ్’, ‘ఫ్రమ్’కు జంట ‘టు’. కాబట్టి ‘బిట్వీన్ టెన్ అండ్ ఫైవ్’ అని గాని, ‘ఫ్రమ్ టెన్ టు ఫైవ్’ అని గాని రాయించాలి. దుకాణం తెరిచి ఉండే వేళలు చెప్పడమే ఉద్దేశమైతే రెండవదే మేలు, ఎందుకంటే మొదటిది ఆ నడుమ ఎప్పుడో ఒకప్పుడు అన్న అర్థం కూడా ఇస్తుంది.